పన్నెండో రంగు

సూర్‌ల ఎండ పొద్దుగాల ఆరింటికే పనిలకు దిగుతది,
మాకంటె ముందు.
ఇయ్యాల చెప్పిన పని:
పడవల రేవు ఎనుక మిగిలిన ఆఖరు ఫోన్ డబ్బాను పీకుడు,
దాని కింది రాగి తీగను చుట్టి లారీకెక్కిచ్చుడు,
అదే కాలువల గాజు తీగను పండవెట్టుడు.

నేను జాయింటర్ గంగమల్లును.
ఇరవై రెండేండ్ల కింద అచ్చినప్పుడు నా చేతుల గడ్డపార.
మీటరు లోతు తవ్వితె ఇంత అని లెక్క.
కొలిచే టేపు కంపెనీది,
నడుము నాది.

రాగి బరువు. అయినా మంచిది.
తెగిన కాడ చెవి పెట్టే ఫోను తగిలిచ్చి వినొచ్చు:
ఎవలో ఎవలకో చేపల ధర చెప్తుంటరు,
ఎవలో అరబ్బీల ఏడుస్తుంటరు,
భాష రాకున్నా ఏడుపు తెలుస్తది.
గాజు తీగ గట్ల కాదు.
ఎంటికెంత సన్నం. సప్పుడు లేదు.
దాంట్లకు చూడొద్దు, కండ్లు పోతయంటడు సూపర్‌వైజర్ సులైం.
లక్ష మాటలు ఒక్కపారే పోతయట,
ఒక్కటీ వినవడది.

గొట్టానికి పన్నెండు పోగులు, పన్నెండు రంగులు.
ఇంగ్లీషు పేర్లు నోరు తిరుగక
ఒకదానికొకటి అతికి, నాలుగు దినాల కూలి పోగొట్టుకున్న.
ఐదో దినం నేనే పేర్లు పెట్టుకున్న:
నీలం, నారింజ, ఆకు, మట్టి,
పలక, సున్నం, మిరప, కాటుక,
పసుపు, వంకాయ, గులాబి.
పన్నెండోదానికి మా దిక్కు పేరు దొరకలే.
నీలం కాదు, పచ్చ కాదు.
తలెత్తి చూసిన. ఎదురుంగ నీళ్లు.
సముద్రం అన్న.
ఇప్పుడు బెంగాలీ మొఫిజుల్ గూడ
మిరప, కాటుక అనుకుంటనే అతుకుతడు.

డబ్బా లోపలి రేకు విప్పుతుంటె కనవడ్డది,
మేకుతోని, తాళంచెవితోని, కార్డు అంచుతోని
గీకిన నంబర్ల మీద నంబర్లు.
మలయాళం, ఉర్దూ, నాకు తెల్వని రాతలు.
అడుగున, మోకాలెత్తుల, మన అక్షరాలు:
"నీళ్లు వడ్డయా అడగాలె.
ఎంత లోతుల అడగాలె.
మోటరు సంగతి తర్వాత."

మర్చిపోతనని రాసుకున్నడు ఎవడో.
కార్డుల రెండు నిమిషాలే ఉండె కావచ్చు.
శుక్రవారం కావచ్చు, ఎనుక వరుసల ఇరవై మంది.
గంత కిందికి ఎందుకు రాసిండో అర్థం గాక
నేను గొంతుక్కూసొని చూసిన.
అక్కడ కూసుంటె
ఎనుకున్నోళ్లకు మొఖం కనవడది.

నా రాత కాదు. నా ఊరోనిదో కాదో తెల్వదు.
"నీళ్లు వడ్డయారా?" అని మాత్రం
పైకే అచ్చింది నా నోట్ల నుంచి.
మొఫిజుల్‌కు నా తెలుగుల నీళ్లొక్కటే ఎరుక.
సీస అందిచ్చిండు.
తాగిన.

గాజు తీగ విల్లాల గోడల దాక పోతది,
బడి దాక, దవాఖాన దాక,
గుట్ట మీది కొత్త టవరు పాదం దాక.
మా క్యాంపు అచ్చే కాడ మ్యాపు మడత పడ్డది.
మేము సిమ్ముల డేటా కొనుక్కుంటం.
ఫోటో పోతది, రాత పోతది,
యాప్‌ల మాట మాత్రం నడుమ ఎక్కడ్నో నిలుస్తది.
ఎందుకని ఓసారి అడిగిన.
సులైం నవ్వి "ఖానూన్" అన్నడు,
నవ్వినంక నాకు చాయ్ గూడ తాపిచ్చిండు.

పొద్దుగూకినంక చిన్న టెంటేసుకొని
అతికే మిషన్ ముందు కూసున్న.
రెండు కొసలు ఎదురెదురు పెడితె
చిటుక్కున మెరుస్తది, ఒకటైతయి.
నష్టం ఎంతో అదే చూపెడతది:
సున్న పాయింటు సున్న రెండు.
నష్టం లేదని ఏనాడూ చెప్పదు ఆ మిషన్.
గందుకే నాకు దాని మీద నమ్మకం.

నీలం కాడ షురూ చేసి గులాబి దాక అతికిన.
సముద్రం రంగు పోగు స్పేరు,
ముందటి అవసరానికని ఉంచుమన్నరు.
దాంట్లకెల్లి ఇంకా ఎవల మాటా పోతలేదు.
గుండ్రంగ చుట్టి, చీకట్లనే పెట్టి,
మూత బిగిచ్చిన.